నిలువని నెత్తురు
(రక్తము గడ్డకట్టని వ్యాధులను గూర్చిన పాఠము)

మన శరీరమునందు రక్తము ఎడతెగక ప్రవహించుచుండుట ప్రాణమునకెంత యవసరమో, గాయమైనచోట అది నిలిచిపోవుటయు నంతే యవసరము. వరి కోయుచు కొడవలి తగిలి వ్రేలు తెగిన కూలిమనిషి ఆ వ్రేలిని కొంగుతో అదిమిపట్టి, కొంతసేపటికి మరల కోతకు వంగును. నెత్తురు తనంతట తానే నిలిచినదని ఆమె తలంచును. నిజమునకు ఆ కొద్ది నిమిషములలో ఆమె దేహమున అనేక పదార్థములు ఒకదాని వెంట నొకటి మేల్కొని, క్రమము తప్పక పనిచేసినవి. వానిలో ఒక్కటి లేకున్నను ఆ పని చెడును.

అట్టి లోపముతో జన్మించినవారు కొందరు మన నడుమ గలరు. వారిని గూర్చియు, వారికి సంభవించు పెద్ద అపాయములను గూర్చియు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారమగు మనము తెలిసికొనవలసిన సంగతులను ఈ వ్యాసమున క్రమముగా వ్రాయుచున్నాము. మేము ఉపాధ్యాయులమే గాని వైద్యులము కాము. కావున ఔషధముల మోతాదులను చెప్పబూనము. ఏ సంగతి తెలియకపోవుటవలన బిడ్డకు ప్రాణహాని కలుగునో, ఆ సంగతిని మాత్రము స్పష్టముగా చెప్పుదుము.

1. గండి పూడ్చు విధము

మన పాలమూరు సీమవారికి మట్టిపని క్రొత్తది కాదు. దేశమునందలి యనేకములైన ఆనకట్టలకును కాలువలకును ఇచ్చటి కూలీలు తట్టలు మోసిరి. కావున ఆ పనినే ఉపమానముగా గైకొందము.

చెరువుకట్టకు గండి పడినదనుకొనుడు. మొదట గండి వెడల్పు కాకుండ చూడవలయును. గాయమైనపుడు రక్తనాళము ముడుచుకొనుట ఇట్టిదే. తరువాత ఇసుక బస్తాలు వేయుదురు. రక్తములోని ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములే ఆ బస్తాలు. అవి ప్రవాహమునకు కొట్టుకొనిపోక గాయపుటంచున అంటుకొనుటకు ఒక జిగురు కావలయును. ఆ జిగురునకు వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అని పేరు.

బస్తాలు మాత్రమే చాలవు. వానిపై మట్టి పడవలయును. అందులకు కూలీలు వరుసగా నిలిచి, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి తట్టలందింతురు. రక్తమునందలి ఫ్యాక్టర్లు అను పదార్థములు ఈ వరుసవంటివి. శాస్త్రజ్ఞులు వీనికి 1 మొదలు 13 వరకు సంఖ్యల నిచ్చిరి. అందు 6వ సంఖ్య నేడు వాడుకలో లేదు. ఒక ఫ్యాక్టర్ మరియొక దానిని మేల్కొలుపగా, కడపట ఫైబ్రిన్ అను దారములు పుట్టి, వలవలె అల్లుకొని గండిని మూయును. ఈ వరుసలో 8వ, 9వ కూలీలు జతగా నిలిచి 10వ వానికి తట్ట నందింతురు. ఆ యిద్దరిలో నొకరు రాకపోయినను తట్ట అచ్చటనే యాగిపోవును.

ఇంకను ఒక పని మిగిలియున్నది. పోసిన మట్టిని దిమ్మిసతో కొట్టి గట్టిపరుపవలయును. లేనిచో మరునాటికి కట్ట జారును. ఫైబ్రిన్ దారములను ఒకదానితో నొకటి బిగించు 13వ ఫ్యాక్టర్ ఈ దిమ్మిసపని చేయును.

2. లోపము లెట్టివి?

8వ ఫ్యాక్టర్ లోపించిన వ్యాధికి హీమోఫీలియా ‘ఏ’ అని పేరు. పుట్టిన మగశిశువులలో సుమారు 5,000 మందికి ఒకరి కిది కలుగును. 9వ ఫ్యాక్టర్ లోపించినది హీమోఫీలియా ‘బి’. అది ఇంకను అరుదు. ఈ రెండవదానిని క్రిస్మస్ వ్యాధి యనియు అందురు. పండుగకును ఈ పేరునకును సంబంధము లేదు. 1952వ సంవత్సరమున ఇంగ్లండునందు ఈ వ్యాధిని వేరుపరచి వర్ణించిన వైద్యులు, తాము పరీక్షించిన స్టీఫెన్ క్రిస్మస్ అను బాలుని పేరే దాని కుంచిరి.

ఆ ఫ్యాక్టర్ నూటికి ఒక పాలుకంటె తక్కువ యున్నచో వ్యాధి తీవ్రము. ఒకటి మొదలు అయిదు పాళ్లవరకు మధ్యమము. అంతకు మించి నలువది పాళ్లవరకు స్వల్పము. తీవ్రవ్యాధి గలవారికి దెబ్బ తగులకయే కీళ్లలో రక్తము చేరును. స్వల్పవ్యాధి గలవారికి పన్ను తీయించుకొను దినమువరకు తమ లోపము తెలియకపోవచ్చును.

జిగురు లోపించిన వ్యాధిని 1926లో ఫిన్లండు వైద్యుడగు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్, ఆలండ్ ద్వీపములందలి ఒక కుటుంబమున కనుగొనెను. ఇది బాలురకును బాలికలకును సమానముగా రావచ్చును. బస్తాలున్నను అవి ఒకదానితో నొకటి పట్టుకొనలేని వ్యాధిని 1918లో స్విట్జర్లండు శిశువైద్యుడగు గ్లాంజ్‌మన్ వర్ణించెను. ఇందు ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగానే యుండును. పని మాత్రము చెడియుండును. కావున సంఖ్యను మాత్రమే చూచి లోపము లేదని చెప్పరాదు.

తక్కిన ఫ్యాక్టర్ల లోపములు మిక్కిలి అరుదు. వానిలో ఒక్కొక్కటి 5 లక్షల మందిలో ఒకరు మొదలు 20 లక్షల మందిలో ఒకరి వరకు కానవచ్చును. వీనిలో 13వ ఫ్యాక్టర్ లోపము మోసకరమైనది. బొడ్డుత్రాడు రాలుచోట పసికందునకు రక్తము కారుచుండుట దాని తొలి గురుతు. గాయపు రక్తము మొదట నిలిచినట్లే నిలిచి, కొన్ని గంటలకో మరునాటికో మరల స్రవించును. గడ్డకట్టు కాలమును కొలుచు సాధారణ పరీక్షలలో ఈ లోపము పట్టుబడదు. దానికి ప్రత్యేక పరీక్ష చేయవలయును.

ఇచ్చట ఒక భేదము గమనింపవలయును. రక్తపింజర కాటువలన కూడ నెత్తురు గడ్డకట్టకపోవును. అది విషమువలన అప్పటికప్పుడు కలిగిన లోపము. దానికి విషహరౌషధమే చికిత్స. మనము చెప్పుచున్నవి పుట్టుకతో వచ్చి జీవితాంతము నిలుచు లోపములు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయుడు. 2011వ సంవత్సరపు జనసంఖ్య ననుసరించి మన మూడు జిల్లాల జనులు 20 లక్షలకు పైబడియున్నారు. పురుషులు 10 లక్షలనుకొని 5,000 చేత భాగింపుడు. 200 వచ్చును. ఇది గణితము చెప్పు సంఖ్యయే గాని పేర్లు వ్రాసిన జాబితా కాదు. అయినను ఒక ప్రశ్న మిగులును: ఈ వ్యాధి పేరు విన్నవారు మన గ్రామములలో నెందరు? పేరు తెలియని యింట ఆ బిడ్డను ‘కాలు వాపు రోగి’ యనియు, ‘కుంటివాడు’ అనియు పిలుచుచుండవచ్చును.

3. వంశమున వచ్చు విధము

ఈ సంగతి పూర్వులు కొంత గ్రహించియే యుండిరి. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున యూదుల ధర్మశాస్త్ర పండితులు, సున్నతివలన ఇద్దరు సోదరులు మరణించినచో మూడవ బిడ్డకు సున్నతి చేయరాదని నియమించిరి. 1803లో ఫిలడెల్ఫియా వైద్యుడగు జాన్ ఆటో, ఆరోగ్యవతులైన స్త్రీల ద్వారమున వారి కుమారులకు ఈ వ్యాధి వచ్చుచున్నదని వ్రాసెను. విక్టోరియా రాణి కుమారుడగు లియోపోల్డ్ 1884లో జారిపడి మరణించెను. ఆమె సంతతి ద్వారమున వ్యాధి రష్యా రాజకుటుంబమువరకు వ్యాపించెను. అది హీమోఫీలియా ‘బి’ యని 2009లో ఎముకల పరీక్షవలన తేలినది.

8వ, 9వ ఫ్యాక్టర్ల బీజము ‘ఎక్స్’ అను క్రోమోజోముపై నుండును. స్త్రీకి అట్టివి రెండు, పురుషునికి ఒకటే. తల్లి వాహకురాలైనచో ప్రతి కుమారునికిని వ్యాధి కలుగుటకు సగము అవకాశము. ప్రతి కుమార్తెయు వాహకురాలగుటకు సగము అవకాశము. తండ్రి రోగియై తల్లి వాహకురాలు కానిచో, కుమారులకెవ్వరికిని వ్యాధి రాదు, కుమార్తెలందరును వాహకులగుదురు. అయితే సుమారు మూడవవంతు రోగుల కుటుంబములలో పూర్వమెవ్వరికిని ఈ వ్యాధి యుండదు. కావున ‘మా వంశమున లేదు’ అను మాటతో సందేహమును కొట్టివేయరాదు.

13వ ఫ్యాక్టర్ లోపము, గ్లాంజ్‌మన్ వ్యాధి మొదలగునవి వేరొక విధమున వచ్చును. తల్లియు తండ్రియు నిద్దరును, తాము ఆరోగ్యముగా నుండియే, చెడిన బీజమునొక్కొక్కటి మోయుచున్నపుడు, ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధి కలుగవచ్చును. ఒకే వంశమువారు వివాహమాడినచో ఇట్టి యిద్దరు కలియుట సులభము. మన దేశమున మేనరికము ఆచారమైయుండుటచేత ఈ యరుదైన వ్యాధులు ఇచ్చట ఎక్కువగా కానవచ్చుచున్నవి.

హీమోఫీలియా విషయమునను మేనరికము ఒక చిక్కు తెచ్చును. రోగియైన మేనమామ తన అక్క కుమార్తెను వివాహమాడినచో, ఆమె వాహకురాలై యుండవచ్చును. అప్పుడు పురుషుల వ్యాధియని పేరుపడిన హీమోఫీలియా వారి కుమార్తెకును రావచ్చును. ఇది ఎవరి పాపమును కాదు, దృష్టిదోషమును కాదు. తల్లిని నిందించుట అన్యాయము. వివాహమునకు ముందు పరీక్ష చేయించి వైద్యుల సలహా పొందుట వివేకము.

4. కంటికి కనబడని రక్తస్రావము

ఈ వ్యాధులను గూర్చి లోకమున ఒక పొరపాటు అభిప్రాయము కలదు. చిన్న గీటు పడినను రోగి నెత్తురంతయు కారి మరణించునని యనేకులు తలంతురు. అది నిజము కాదు. హీమోఫీలియా రోగి రక్తము ఇతరుల రక్తముకంటె వేగముగా కారదు, ఎక్కువకాలము కారును. చర్మముపై గీటును అదిమిపట్టినచో సామాన్యముగా నిలుచును. భయపడవలసినది కంటికి కనబడని లోపలి రక్తస్రావమునకు.

తలలో: ఇది అన్నిటికంటె ప్రాణాంతకము. దెబ్బ తగిలిన వెంటనే బాలుడు లేచి యాడుకొనవచ్చును. గంటలు గడచిన పిదప తలనొప్పి, వాంతి, మగత, చూపు తడబాటు, మూర్ఛ కలుగును. తలకు దెబ్బ తగిలినచో ఈ గురుతుల కొరకు వేచియుండరాదు. 13వ ఫ్యాక్టర్ లోపించినవారిలో దెబ్బ లేకయే తలలో రక్తస్రావము కలుగుట తరచు.

గొంతులో: నాలుక కరచుకొన్నను, గొంతు వాచినను, రక్తము లోపల చేరి ఊపిరిదారిని మూయవచ్చును.

కడుపులోను నడుములోను: తొడను కడుపునకు ముడుచు పెద్ద కండరమున రక్తము చేరినపుడు బాలుడు కాలు చాపలేక, గజ్జలో నొప్పియని యేడ్చును. దీనిని అపెండిసైటిస్ అనుకొని కోత కోసినచో అపాయము రెట్టింపగును. ఆ కండరమున మిక్కిలి రక్తము పట్టును. బాలుడు పాలిపోవువరకు పైకేమియు కనబడదు.

ముంజేతిలోను పిక్కలోను: చేరిన రక్తము నరములను నొక్కి, వ్రేళ్లు తిమ్మిరెక్కి, చేయి శాశ్వతముగా వంకరపోవచ్చును.

కీళ్లలో: మోకాలు, చీలమండ, మోచేయి ముఖ్యములు. మొదట చిమచిమలాడి, తరువాత వెచ్చబడి వాచును. ఒకే కీలున మాటిమాటికి రక్తము చేరినచో లోపలి పొర చెడి, మృదులాస్థి అరిగి, యౌవనముననే కాలు బిగిసిపోవును. ఇది ప్రాణము తీయదు, బ్రదుకు తీయును.

స్త్రీలకు: ఏడు దినములు మించిన ఋతుస్రావము, గంట గంటకు గుడ్డ మార్చవలసివచ్చుట, రక్తహీనత వలని అలసట సామాన్యములని బాలికలు సహించుచుందురు. తల్లులును సిగ్గుచే దాచుదురు. అది వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి కావచ్చును. లోపము తెలియక కాన్పునకు పోయిన స్త్రీకి ఆ తరువాతి రక్తస్రావము మిక్కిలి యపాయకరము.

5. చికిత్స నడచిన దారి

1840లో లండనునందు సామ్యుయేల్ లేన్ అను వైద్యుడు, మెల్లకన్నుకు శస్త్రము చేసిన పిదప నెత్తురు నిలువని బాలునికి ఇతరుని రక్తమెక్కించి బ్రదికించెను. 1964లో అమెరికాకు చెందిన జూడిత్ పూల్ అను శాస్త్రజ్ఞురాలు, గడ్డకట్టించిన ప్లాస్మాను మెల్లగా కరిగించినపుడు అడుగున మిగులు మడ్డిలో 8వ ఫ్యాక్టర్ కలదని కనుగొనెను. దానికి క్రయోప్రెసిపిటేట్ అని పేరు. 13వ ఫ్యాక్టరును, వాన్ విల్లెబ్రాండ్ జిగురును అందే కలవు. శుద్ధమైన ఫ్యాక్టర్ దొరకనిచోట నేటికిని అది ప్రాణములు కాపాడుచున్నది.

పిదప వేలమంది దాతల ప్లాస్మానుండి పొడిమందు చేసిరి. దానివలన మేలు కలిగినది. ఘోరమైన కీడును కలిగినది. 1980 ప్రాంతములందు ఆ మందు ద్వారమున వేలమంది రోగులకు ఎయిడ్స్ సోకెను. 1963లో ప్రపంచ హీమోఫీలియా సమాఖ్యను స్థాపించిన ఫ్రాంక్ ష్నాబెల్ స్వయముగా రోగియే. ఆయన 1987లో ఎయిడ్స్ వలననే మరణించెను. ఆయన జన్మదినమగు ఏప్రిల్ 17ను 1989 మొదలు ప్రపంచ హీమోఫీలియా దినముగా ఆచరించుచున్నారు. ఆ విపత్తు పిదప మందులోని సూక్ష్మక్రిములను వేడిచే చంపు పద్ధతియు, 1992 మొదలు మనుష్యరక్తముతో పనిలేక ప్రయోగశాలలో చేసిన ఫ్యాక్టరును వాడుకలోనికి వచ్చెను.

8వ ఫ్యాక్టర్ దేహమున సుమారు 12 గంటలలో సగమగును. కావున రక్తస్రావము కలుగకుండ కాపాడుటకు వారమునకు రెండు మూడు మారులు ఎక్కింపవలయును. 2017 మొదలు ఎమిసిజుమాబ్ అను మందు వచ్చినది. దీనిని చర్మము క్రింద వారమునకో నెలకో ఒకమారు ఇత్తురు. ఇది హీమోఫీలియా ‘ఏ’ రోగులకు మాత్రమే. అదియు రక్తస్రావము రాకుండుటకే గాని, వచ్చినదానిని ఆపుటకు కాదు.

తీవ్రమైన ‘ఏ’ రోగులలో సుమారు నూటికి ముప్పదిమంది దేహము, ఎక్కించిన ఫ్యాక్టరునే శత్రువుగా నెంచి నిరోధకములను పుట్టించును. అప్పుడు మామూలు మందు పనిచేయదు. వేరు మందులు కావలయును. వేసిన మందునకు వాపు తగ్గనిచో ఈ సంగతి పరీక్షింపవలయును.

మనకు సమీపమున, వేలూరునందు 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల నేడు క్రైస్తవ వైద్య కళాశాలయై, ఈ వ్యాధుల చికిత్సకు ప్రపంచప్రసిద్ధి గాంచినది. కాట్పాడి స్టేషనులో దిగి అచ్చటికి పోవు తెలుగువారనేకులు. ప్రపంచ సమాఖ్య 2020లో ప్రకటించిన చికిత్సా నియమములకు అచ్చటి వైద్యుడగు ఆలోక్ శ్రీవాత్సవ ప్రధాన రచయిత. 2024 డిసెంబరులో ఆ కళాశాలవారు ఐదుగురు తీవ్ర హీమోఫీలియా ‘ఏ’ రోగులకు, వారి మూలకణములలోనే మంచి బీజమును చేర్చి మరల ఎక్కించి, వారు పరిశీలనలో నున్నంతకాలము రక్తస్రావము కలుగలేదని ప్రకటించిరి. ఐదుగురు కొద్దిమందియే, అయినను దారి తెరువబడినది.

6. మన సీమలో చేయవలసినది

ప్రపంచమందలి నిపుణులు చెప్పిన నియమము చిన్నది: రక్తస్రావము మొదలైన రెండు గంటలలోపున, సాధ్యమైనంత త్వరగా, ఫ్యాక్టర్ ఎక్కింపవలయును, సందేహమున్నను చికిత్స చేయవలయును. పరీక్షలు తరువాత.

ఇప్పుడు మన దూరములను చూడుడు. హైదరాబాదునకు నాగర్‌కర్నూలునుండి సుమారు 130, వనపర్తినుండి సుమారు 150, గద్వాలనుండి సుమారు 190 కిలోమీటర్లు. అమ్రాబాదు అడవి గూడెములవారు మొదట రహదారి చేరుటకే చాల సేపు పట్టును. రెండు గంటల నియమమును ఈ దూరములతో పోల్చినచో ఒక్క సంగతి తేటపడును: దారి వెదకుకొను పని దెబ్బ తగిలిన తరువాత మొదలు పెట్టరాదు. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. అలంపురమువారికి కర్నూలు చేరువ. ఎచ్చట ఫ్యాక్టర్ నిలువయున్నదో, ఎచ్చట క్రయోప్రెసిపిటేట్ దొరకునో, రాత్రివేళ నెవరిని పిలువవలయునో బిడ్డ ఆరోగ్యముగా నున్న దినముననే పోయి విచారించి, కాగితముపై వ్రాసి, ఇంటి గోడకు అంటింపుడు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. బిడ్డ వ్యాధిపేరు, లోపించిన ఫ్యాక్టర్, రక్తవర్గము, వైద్యుని పేరు వ్రాసిన కార్డు ఎల్లప్పుడు బిడ్డవద్ద నుండవలయును. వాచిన కీలునకు నూనె మర్దనము చేయింపరాదు; వాతలు పెట్టింపరాదు; కట్టు వైద్యునిచే లాగింపరాదు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రలు ఈయరాదు. నొప్పికి పారాసిటమాల్ తగినది. కండరములోనికి సూది వేయింపరాదు. టీకాలు మానరాదు, వైద్యునికి ముందుగా చెప్పి, సన్నని సూదితో చర్మము క్రింద వేయించి, ఆ చోటును పది నిమిషములు అదిమిపట్టవలయును. పన్ను తీయుటకు ముందు రక్తవ్యాధుల వైద్యుని అడుగవలయును. నోటి రక్తమునకు ట్రానెక్సామిక్ ఆసిడ్ మంచి మందు. మూత్రమున రక్తము పడునపుడు మాత్రము అది తగదు.

ఉపాధ్యాయులకును తోటి విద్యార్థులకును మరికొన్ని. కీలు నొచ్చుచున్నదని బాలుడు చెప్పినచో, వాపు కనబడలేదని త్రోసివేయరాదు. ఆ చిమచిమ అతనికి మనకంటె ముందు తెలియును. వెంటనే కూర్చుండబెట్టి, కదలనీయక, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ నుంచి, మెత్తని కట్టు కట్టి, అవయవమును ఎత్తిపెట్టి, ఇంటికి వర్తమానము పంపవలయును. తలకు దెబ్బ తగిలినచో ఇంటివారికొరకు వేచియుండక 108 బండిని పిలిచి, కార్డు చేతనిచ్చి పంపవలయును. నడక, ఈత ఇట్టి బాలునికి మేలు. కబడ్డీయు కుస్తీయు తగవు. డ్రిల్లు మానినవానిని సోమరియని నవ్వరాదు. దండనము ఏ బాలునికిని తగదు; ఈ బాలునికి అది ప్రాణాపాయము.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమునందు పేర్కొన్న 21 వైకల్యములలో హీమోఫీలియా యొకటి. కావున ధ్రువపత్రము కోరుట భిక్ష కాదు, హక్కు. 1983లో అశోక్ వర్మ అను హీమోఫీలియా రోగి స్థాపించిన భారత హీమోఫీలియా సమాఖ్య శాఖ హైదరాబాదునందును గలదు; దారి తెలియని కుటుంబములు మొదట వారి నడుగవచ్చును.

ఉపమానము చెప్పితిమి గావున దానితోనే ముగింతుము. వరుసలో ఒక కూలి రానిచో మేస్త్రి పని ఆపడు; మరియొకనిని ఆ చోట నిలుపును. లోపించిన ఫ్యాక్టరును తెచ్చి ఎక్కించుట వైద్యుని పని. అది వేళకు అందునట్లు ఇల్లు, బడి, ఊరు చేయి చేయి కలిపి వరుసగా నిలుచుట మన పని.

అభ్యాసము

1. తల్లి వాహకురాలు, తండ్రి ఆరోగ్యవంతుడు. వారి కుమారులకును కుమార్తెలకును గల అవకాశములను పటము గీచి చూపుడు.
2. ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగా నున్నను రక్తము నిలువకపోవుటకు కారణమేమి?
3. తలకు దెబ్బ తగిలిన హీమోఫీలియా బాలుడు నవ్వుచు ఆడుకొనుచున్నాడు. మీరేమి చేయుదురు? ఎందుకు?
4. మీ గ్రామమునుండి ఫ్యాక్టర్ దొరకు ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు? చేరుటకెంత సేపు పట్టును? విచారించి వ్రాయుడు.